కింది సొరుగులో పట్టీ

1990 ఆగస్టు 20, సోమవారం

పొద్దున్నుంచి ఒకటే తేమ. గోడలకు చెమట పట్టినట్టుంది. గాలి లేదు, దుమ్ము మాత్రం ఉంది. వరండా రెండుసార్లు కడిగినా. బియ్యం ఏరినా. పిండి డబ్బా అడుగుకు వచ్చింది.

మధ్యాహ్నం మా యజమానురాలు మామా తలుపులన్నీ వేసి, కొడుకు బదర్ బట్టలు నా చేతికిచ్చింది. యూనిఫారం, టోపీ, బెల్టు, కొడుకు మిలిటరీలో దిగిన ఫొటోలు. పెరట్లో నూనె డబ్బాలో వేసి కాల్చమంది. ఇంట్లో కువైట్ మిలిటరీవాడు ఉన్నాడని దేశంలోకి చొరబడిన బాగ్దాద్ సైన్యానికి తెలిస్తే వాకిట్లోనే కాల్చి చంపుతారు, తల్లి కళ్ళ ముందే. రెండు వీధుల అవతల అట్లే చేసినారు. బదర్ వాళ్ళు వచ్చిన మొదటి రోజే మిలిటరీ బ్యారక్సు నుంచి గోడలు దూకి వచ్చినాడు. అప్పటినుంచి వంటింటి వెనక స్టోరు గదిలో, బియ్యం బస్తాల వెనక.

కాల్చినా. చొక్కా జేబు పైన చిన్న పతకాల పట్టీ. రెండు రంగు రిబ్బన్లు పక్కపక్కన, వెనక పిన్ను. అది మాత్రం వేయలేకపోయినా. బట్ట అంటే బట్ట. ఇది మనిషికి ఇచ్చిన గుర్తు. బతికున్నవాడి గుర్తు నిప్పులో పడరాదు. పిడికిట్లో పెట్టుకుని లోపలికి వచ్చినా. అంతలో వీధిలో జీపు. ఏమీ తోచలేదు. యజమాని బాబా గదిలోకి పోయి, ఆయన పోగేసిన జర్మనీ సైనికుల పట్టీల బీరువాలో కింది సొరుగు లాగి, వాటి మధ్యలో పెట్టినా.

జీపు ఆగకుండా పోయింది.

ఆగస్టు 22

పట్టీ తీసేద్దామని పోయినా. బాబా ఆ గదిలోనే కూర్చుని ఉన్నాడు. నిన్నా అంతే. ఆయిల్ కంపెనీలో ఉద్యోగం అయిపోయినప్పటి నుంచి ఆయనకు అదే లోకం. చిన్న వయసులో కంపెనీ శిక్షణకు జర్మనీ పంపిందంట. అక్కడి పాత సామాన్ల సంతలో మొదటిది కొన్నాడు. తర్వాత ఎన్నో.

దుమ్ము తుడిచే పని నాదే. మా నాయనది మగ్గం కాబట్టి నూలు పట్టుకోవడం నాకు తెలుసని బాబా నమ్మకం. తడి గుడ్డ వాడరాదు. వరస మార్చరాదు. "ఒక పట్టీ అంటే ఒక మనిషి, ఓబులా. ఒక్క రిబ్బన్ తీస్తే వేరే మనిషి అవుతాడు."

అందరూ పోయినవాళ్ళే. చొక్కాలు లేవు, గుండెలు లేవు. గుండె మీద పెట్టుకున్నవి మాత్రం ఉన్నాయి.

అయినా అక్కడే భద్రం అనిపిస్తుంది. ఆకుల్లో ఆకు.

ఆగస్టు 25

వచ్చినారు. ఐదారుమంది, ఒక కెప్టెన్. మంచాలు తిరగేసినారు. వంటింట్లో ఒకడు స్టోరు తలుపు మీద చెయ్యి వేసినాడు. నేను ఉల్లిపాయలు కోస్తా ఉన్నా. కత్తి ఆగలేదు, ఎట్లా ఆగలేదో తెలియదు.

అప్పుడే లోపలి నుంచి కెప్టెన్ పిలుపు. వాడు పోయినాడు.

కెప్టెన్ బాబా గదిలో బీరువా ముందు నిలబడి ఉన్నాడు. ముందు అనుమానంతో చూసినాడంట — ఇంత మిలిటరీ సరుకు ఎవరిదని. తర్వాత ఒక పట్టీ తిప్పి వెనక అక్షరాలు చదివినాడు. అతను తూర్పు జర్మనీలో ఇంజనీరింగు చదివినాడంట. సైనికులను బయటికి పంపించేసినాడు.

"హజ్జీ, వీటిని ఎవరూ ముట్టుకోరు. నేను చూసుకుంటా" అన్నాడు బాబాతో.

గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయినాడు.

బాబా మొఖంలో ఇన్నాళ్ళకు వెలుగు. ఆ గదిని చూసి మన ఇంటిని వదిలేస్తారు అంటాడు. మామా నా చేయి పట్టుకుంది. పట్టీ తాళం లోపలే ఉండిపోయింది.

ఆగస్టు 28

కెప్టెన్ వచ్చినాడు. బాబా కూడా కూర్చున్నాడు. పై సొరుగు తీసినారు.

టీ తీసుకుని పోయి తలుపు దగ్గర నిలబడినా. కెప్టెన్ భూతద్దం పెట్టి ఒక్కో పట్టీ చదువుతున్నాడు. నలుపు, అంచుల్లో తెలుపు — మొదటి ప్రపంచ యుద్ధం. నడుమ ఎరుపు వెడల్పుగా ఉంటే రెండోది. పైన చిన్న కత్తుల బొమ్మ ఉంటే యుద్ధభూమికి పోయినవాడు. లేకుంటే ఇంటి దగ్గర ఉద్యోగం చేసినవాడు. వెనక ఉన్ని గుడ్డ బూడిద నీలంగా ఉంటే విమానాలవాడు.

"ఇతను మొదటి యుద్ధంలో కుర్రవాడు, రెండోదాంట్లో ముసలివాడు. తర్వాత?"

"తర్వాత పట్టీ అమ్ముడుపోయింది" అన్నాడు బాబా.

ఇద్దరూ నవ్వినారు. ఇంట్లో మగవాళ్ళ నవ్వు విని చాలా రోజులైంది. 

ఒక్కసారికి ఒక్క సొరుగే. ఎక్కువ చూస్తే కన్ను మోసం చేస్తుందని బాబా షరతు. నాకు అర్థమైంది — సొరుగులు ఉన్నన్నాళ్ళూ కెప్టెన్ మనవాడు. బాబా సాగదీస్తున్నాడు.

ఆయనకేం తెలుసు. కెప్టెన్ పై సొరుగు నుంచి కింది సొరుగుకు వస్తున్నాడు.

సెప్టెంబర్ 3

పక్కింటి సత్యం అన్న గోడ మీదుగా పలకరించినాడు. వాళ్ళ యజమానులు మొదటి వారంలోనే సౌదీకి పోయినారు. ఖాళీ బంగళాలో ఒక్కడే పిట్టలకు గింజలు వేస్తూ ఉన్నాడు. అమలాపురం దగ్గర ఊరు.

"ఏవండీ ఓబులమ్మగారూ, మిర్కాబ్ పేటలో మనవాళ్ళని ఇంటికి పంపే బస్సులకి పేర్లు రాసుకుంటున్నారంట. బస్రా, బాగ్దాద్, అక్కడ్నించి అమ్మాన్, తర్వాత విమానం. పాస్‌పోర్టు చేతిలో ఉందా లేదా?"

ఉందన్నా. బాబా పోయిన నెలే ఇచ్చేసినాడు.

"మరింకేం. నేను వీసా లేకుండానే రాజునయిపోయాను ఇక్కడ. ఏసీలు ఆరు, మంచాలు ఎనిమిది, తినడానికి పిట్టల గింజలు. ఇక చాలండి బాబూ. రండి పోదాం."

పోలేనన్నా. ఎందుకని అడిగినాడు. మామాకు ఒంట్లో బాగాలేదన్నా. మీ కడపోళ్ళ మొండితనం నాకు తెలుసులే అని గోడ దిగిపోయినాడు.

అది తీసేదాకా ఎట్లా పోయేది?

సెప్టెంబర్ 5

బాబా గది కిటికీకి ఇనుప చువ్వలు. తాళం గట్టిది.

సెప్టెంబర్ 9

టీ కప్పులు తీయడానికి పోయి బీరువా దగ్గర వంగినా. దుమ్ము తుడిచినట్టు. కింది సొరుగు పిడి చల్లగా తగిలింది.

"వదిలెయ్" అన్నాడు కెప్టెన్, తల ఎత్తకుండానే. "దుమ్ము ఉండనీ. దుమ్ముతోనే వయసు తెలుస్తుంది."

వదిలేసినా.

సాయంత్రం మామాకు చెప్పేసినా. కొడుతుందనుకున్నా. కొట్టలేదు. వంటింటి నేల మీద కూర్చుంది. ఎందుకు కాల్చలేదని అడిగింది. చెప్పినా.  బాబాకు చెప్పొద్దంది. ఆయన మొఖం ఏదీ దాచలేదు. తెలిస్తే కెప్టెన్ ఆ మొఖమే చదువుతాడు.

బదర్‌కు అన్నం పెట్టినా. వాడు నన్ను ఉమ్ ఐష్ అంటాడు — అన్నం తల్లి. "ఉమ్ ఐష్, ఈరోజు కెప్టెన్ ఎవర్ని పట్టుకున్నాడు?" జర్మన్ల గురించి అడుగుతున్నాడు. నేను చెప్తా. నవ్వుతాడు, చప్పుడు లేకుండా. గడ్డం పెరిగింది. చీకట్లో పళ్ళు మాత్రం కనిపిస్తాయి.

సెప్టెంబర్ 16

పట్టపగలు కర్టెన్లు వేసినారు. బాబా దగ్గర ఊదా దీపం ఒకటి ఉంది. దాని కింద పాత నూలు నల్లగా చచ్చి పడి ఉంటుంది. కొత్త దారం అయితే తెల్లగా మండుతుంది. దొంగ సరుకు అట్లా దొరుకుతుంది.

దీపం వెలిగించినారు. సొరుగు నిండా పట్టీలు, ఒక్కటీ మెరవలేదు. కెప్టెన్ పళ్ళు మెరిసినాయి. బాబా తొడిగిన తెల్ల పొడుగు అంగీ, దిష్‌దాషా, మెరిసింది. నా చేతిలో టీ ట్రే మీద గుడ్డ మెరిసింది. బతికున్న మా ముగ్గురివే.

బదర్ పట్టీది కొత్త దారమే. నేను వెంటనే బయటికి వచ్చేసినా.

సెప్టెంబర్ 19

ఫోను మోగింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం. మామా లాక్కుని పెట్టేసింది, ఇంట్లో ఎవరున్నారో కనుక్కునేవాళ్ళంట.

సెప్టెంబర్ 25, మంగళవారం

కింది సొరుగు.

ఉన్నది ఉన్నట్టు రాస్తా.

పొద్దున్నుంచి మామా జపమాల వదల్లేదు. కెప్టెన్ పదిన్నర ప్రాంతంలో వచ్చినాడు. బాబా కర్టెన్లు వేసినాడు — ఆ సొరుగులో ఒకటి రెండు మీద ఆయనకే అనుమానమంట, దీపం పెడదామన్నాడు. నేను తలుపు దగ్గర. 

నల్లటి వరసల మధ్య ఒక చిన్నది తెల్లగా వెలిగింది.

బాబా నవ్వబోయినాడు — ఇదిగో దొంగ సరుకు అన్నట్టు. చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు చూసినాడు. నవ్వు అట్లే ఉండిపోయింది మొఖం మీద.

కెప్టెన్ కర్టెన్ తీసినాడు. బాబా చేతిలోంచి పట్టీ తీసుకుని వెలుతురులో తిప్పినాడు. "ఇది జర్మన్ కాదు, హజ్జీ."

"కాదు."

"ఇది కువైట్ సైన్యంది."

"అవును."

"ఎవరిది?"

బాబా నన్ను చూడలేదు. మామాను చూడలేదు. సొరుగునే చూస్తూ అన్నాడు, "నా కొడుకుది. మొదటి రోజే చనిపోయినాడు. అందుకే ఇక్కడ పెట్టినా, వీళ్ళతో."

హాల్లో మామా పడిపోయిన చప్పుడు. పోయి చూస్తే నేల మీద కూర్చుని ఏడుస్తా ఉంది. నటన కాదు. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది కదా, ఇక వెనక్కు పోదు అని ఏడుస్తా ఉంది.

కెప్టెన్ పట్టీని ఎక్కడిదక్కడే పెట్టినాడు. సొరుగు మెల్లగా మూసినాడు. "మీ ఇంట్లో సంతాపం జరిగినట్టు లేదే. వాకిట్లో కుర్చీలు లేవు."

ఈ రోజుల్లో ఎవరు వస్తారన్నాడు బాబా.

"వస్తారు. మూల మీద చెక్‌పోస్టుకు నేను చెప్తా. మూడు రోజులు. మీ ఆచారం మీరు జరుపుకోండి."

దయతో అన్నాడా, పరీక్షకా? నాకు తెలియదు. మామాకూ తెలియదు.

సెప్టెంబర్ 26

కుర్చీలు వేసినా. కాఫీ కాచినా. ఆడవాళ్ళు వచ్చినారు, నల్ల అబాయా ముసుగుల్లో, గోడల వెంబడి. వీధిలో ఇంతమంది మిగిలి ఉన్నారని నాకు తెలియదు. హాలుకూ స్టోరుకూ మధ్య ఒక్కటే గోడ. వాళ్ళు బదర్ పేరు చెప్పి ఏడుస్తున్నారు. వాడు గోడకు అవతల వింటున్నాడు.

కెప్టెన్ కూడా వచ్చినాడు. మగవాళ్ళ వైపు తలుపు దగ్గర కుర్చీలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ప్రార్థన చదివినాడు. అతని గొంతు బాగుంది. అదే భయం.

సెప్టెంబర్ 27

బదర్ దగ్గినాడు.

ఒక్కసారే. కాఫీ పోస్తున్న నా చేయి ఆగింది. అంతలో మామా గొంతెత్తి ఏడ్చింది, వాడి పేరు పెట్టి, ఇల్లంతా మోగేట్టు. ఆమెతో పాటు అందరూ. దగ్గు ఆ ఏడుపులో కలిసిపోయింది.

సత్యం అన్న వచ్చినాడు. ఈ గొడవకు ముందు చేప వేయించినప్పుడల్లా గోడ మీదుగా బదర్‌కు ఇచ్చేవాడు. నిలబడే ఏడ్చినాడు, చిన్నపిల్లాడిలా ముక్కు చీదుకుంటూ. "నాకు ముందే చెప్పొద్దా అమ్మా" అన్నాడు నాతో.

సెప్టెంబర్ 29

అయిపోయింది. కుర్చీలు లోపల పెట్టినా.

బదర్ అడిగినాడు, ఎంతమంది వచ్చినారని. చాలామంది అన్నా. "బాగా ఏడ్చినారా?" బాగానే ఏడ్చినారన్నా. "సత్యం కూడానా? నా చేపలు మిగిలిపోతాయనేమో." నవ్వలేదు. జోకు చెప్పినాడు కానీ నవ్వలేదు.

అక్టోబర్ 4

తినడం లేదు. తలుపు తడితే పలకడం లేదు. లోపలే ఉంటాడు, కళ్ళు తెరిచే ఉంటాయి. మామా వచ్చి తల నిమురుతుంది. కదలడు. బాబా వాడి ముందుకే రావడం లేదు. కొడుకును చూస్తే తాను అన్న మాట గుర్తొస్తుందేమో.

అన్నం పెట్టి మూత వేసి, పక్కకు పోయి నిలబడుతున్నా, నేను ఉంటే తినడేమోనని. వస్తాడా, ముట్టుకుంటాడా అని ఎదురు చూస్తా. ఈరోజు అట్లా నిలబడి ఉండగా తట్టింది — పిండం పెట్టి కాకి కోసం ఎదురు చూసేది ఇట్లాగే.

గబగబా పోయి మూత తీసి, "తిను" అన్నా, గట్టిగానే.

అక్టోబర్ 9

బదర్‌కు కాకి సంగతి చెప్పినా.

చిన్నప్పుడు కాకి నా తల మీద తన్నింది. అది చావు గండం. మా అమ్మ నా మేనమామకు నేను చనిపోయినట్టు కార్డు రాయించింది. ఆయన ఏడ్చుకుంటూ బస్సు దిగినాడు. వాకిట్లో ఆడుకుంటున్న నన్ను చూసి మా అమ్మను ఊరంతా వినేట్టు తిట్టినాడు. అట్లా ఏడిస్తే గండం పోతుంది, ఆయుష్షు పెరుగుతుంది. నీ కోసం వీధంతా ఏడ్చింది కాబట్టి నీకు నూరేళ్ళు అన్నా.

విన్నాడు. అడిగినాడు, "మీ మామ నిన్ను చూసినాడు కదా. నన్ను ఎవరు చూసినారు?"

నిజమే. ఏడ్చినవాళ్ళకు బతికే ఉన్నాడని చెప్పాల. చెప్పకుంటే ఆ ఏడుపు తీరదు, అట్లే మనిషి మీద ఉండిపోతుందంటారు. మా అమ్మ అందుకే మేనమామ వచ్చేదాకా నన్ను ఇంట్లోకి రానివ్వలేదు.

ఎవరికి చెప్పేది ఇక్కడ?

అక్టోబర్ 11

నాలుగు ముద్దలు తిన్నాడు.

అక్టోబర్ 14

మళ్ళీ తినడం లేదు. కెప్టెన్ ఇప్పుడు సొరుగులు అయిపోయినా వస్తున్నాడు. బాబాతో కూర్చుంటాడు. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరూ ఊరికే కూర్చుంటారు. ఈరోజు నీళ్ళు అడుగుతూ వంటింటి దాకా వచ్చినాడు. స్టోరు తలుపు చూసినాడు. గిన్నెలో అన్నం చూసినాడు. "ముగ్గురికి ఇంత వండుతావా?" అన్నాడు. పిల్లులకు కూడా వేస్తానన్నా. నీళ్ళు తాగి గ్లాసు కడిగి పెట్టి పోయినాడు.

గ్లాసు కడిగి పెట్టే కెప్టెన్.

అక్టోబర్ 18, గురువారం

సత్యం అన్న బస్సు ఈరోజే. పొద్దున సంచి భుజాన వేసుకుని చెప్పి పోవడానికి వచ్చినాడు. ఇవే చివరి బస్సులంట. ఇప్పుడైనా వస్తావా అన్నాడు. రానన్నా.

వాడు ఏడ్చినవాడు. దేశం దాటి పోతున్నవాడు. చెప్పినా ఇక్కడ ఎవరికీ చేరదు. గేటు దగ్గర, చెవిలో చెప్పినా. "అన్నా, బదర్ బతికే ఉన్నాడు. నువ్వు ఏడ్చింది తీసేసుకో."

సంతోషపడతాడనుకున్నా. వాడి మొఖం పాలిపోయింది.

"ఎందుకు చెప్పావమ్మా నాకు? దారిలో ఎన్ని చోట్ల దింపుతారో, ఏం అడుగుతారో. నేను దెబ్బకి ఆగేవాణ్ణి కాదు. తెలియకపోతే చెప్పలేకపోయేవాణ్ణి కదా!"

అట్లా అని పోయినాడు. మూల మీద చెక్‌పోస్టులో వాణ్ణి ఆపినారు. సంచి విప్పించినారు. చాలాసేపు నిలబెట్టినారు. తర్వాత వదిలినారు. ఏం అడిగినారో నాకు వినపడలేదు. వాడు వెనక్కు తిరిగి చూడలేదు.

అక్టోబర్ 19

మామాకు చెప్పలేదు. బదర్‌కు మాత్రం చెప్పినా, సత్యంకు తెలుసని. లేచి కూర్చున్నాడు. గిన్నె మొత్తం తిన్నాడు. గడ్డం గీసుకోవడానికి నీళ్ళు అడిగినాడు.

నేను మంచిదే చేసినానా?

అక్టోబర్ 20

వీధిలో జీపు రెండుసార్లు తిరిగింది. ఆగలేదు. కుక్కలు కూడా మొరగలేదు.

అక్టోబర్ 21, ఆదివారం

ఎండ తక్కువ. మొదటిసారి గాలి చల్లగా వీచింది. బట్టలు ఉతికి మిద్దె మీద ఆరేస్తున్నా.

కింద గేటు తీసిన చప్పుడు. బదర్. స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల దిష్‌దాషా వేసుకుని, తల మీద గుత్రా గుడ్డ సర్దుకుంటూ. పట్టపగలు. పిలవబోయి నోరు మూసుకున్నా — పిలిస్తే వాళ్ళు చూస్తారు.

వీధి మధ్యలో నడిచినాడు. తొందర లేదు. చెక్‌పోస్టులో ఇద్దరు సైనికులు పేక ఆడుతున్నారు. వాడు వాళ్ళ పక్కనుంచే పోయినాడు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా. ఒక్కడూ తల ఎత్తలేదు. సత్యం అన్న సంచి విప్పించినవాళ్ళే.

మూల తిరిగినాడు. తర్వాత కనపడలేదు.

మామాకు చెప్తే నమ్మలేదు. స్టోరులో బస్తాలన్నీ జరిపి చూసింది.

అక్టోబర్ 22

కబురు లేదు. తుపాకీ చప్పుడు కూడా లేదు. కెప్టెన్ రాలేదు.

అక్టోబర్ 23, మంగళవారం

రొట్టెల లైనులో విన్నా. కెప్టెన్‌ను మార్చినారంట. నిన్న మధ్యాహ్నం పోయినాడు, జీపులో. వెనక సీట్లో తెల్ల దిష్‌దాషాతో ఒకతను కూర్చుని ఉన్నాడని నా ముందు నిలబడిన ఆమె అంటుంది. చేతులు కట్టినట్టు లేదంట. జీపు ఎటు పోయిందంటే, ఉత్తరానికి, బాగ్దాద్ వైపు అని ఒకరు, సౌదీ దారి పట్టిందని ఒకరు.

బదర్ ఆదివారం పొద్దున పోయినాడు. కెప్టెన్ సోమవారం పోయినాడు. వెనక కూర్చున్నది మా బదరో కాదో, ఆ జీపు నేను చూడలేదు.